పందిట్లో మన చేతి గుర్తు

ఫంక్షన్‌హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా స్టేజీ. వెనక మెరిసే గుడ్డ, దాన్నిండా తెల్లటి ప్లాస్టిక్ పూలు, రెండు పక్కలా స్తంభాలు, మధ్యలో సింహాసనంలాంటి సోఫా. పైన పెద్ద పెద్ద అక్షరాల్లో అమ్మాయి పేరు, అబ్బాయి పేరు. నిన్న ఇదే స్టేజీ మీద ఇంకో జంట కూర్చుంది. రేపు మరో జంట కూర్చుంటుంది. మారేది పైనున్న అక్షరాలే! పెళ్లయ్యాక ఆల్బమ్ తెరిచి, మొహాల మీద చెయ్యి అడ్డంపెట్టి చూడండి... అది ఎవరి పెళ్లో ఇంట్లోవాళ్లు కూడా చెప్పలేరు.

ఆ మూడు గంటల వైభోగానికి అయ్యే ఖర్చు మాత్రం వేలల్లో మొదలై లక్షల్లోకి వెళ్తోంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్... ఏ ఊరి సంగతి తీసుకున్నా ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో మనకు తెలియనిది కాదు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో నిలబడి పంపిన జీతం. బొగ్గుబావిలో దిగి కూడబెట్టిన సొమ్ము. పత్తి అమ్మిన పైసలు. అమ్మ రోజంతా చాట ముందేసుకుని చుట్టిన బీడీల కూలి. అవీ చాలకపోతే అప్పు! తెలంగాణ ప్రభుత్వం 2014లో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలను రూ.51 వేలతో మొదలుపెట్టి, 2018లో ఆ సాయాన్ని రూ.1,00,116 చేసింది. పేదింటి పెళ్లికి ఆసరాగా ఉండాల్సిన ఆ సొమ్ము ఒక్క స్టేజీ కిందే కరిగిపోతే ఏం లాభం?

అలాగని 'పెళ్లి బోసిగా చేయండి' అంటే ఏ తల్లి మనసూ ఒప్పదు. ఒప్పుకోవాల్సిన పనీ లేదు. కళకళలాడే పందిరికి కావాల్సింది ఎక్కువ డబ్బు కాదు, నలుగురి చేతులు. అవి మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఖర్చు తగ్గించి, 'ఇది మా అమ్మాయి పెళ్లే' అని ఎవరైనా గుర్తుపట్టేలా చేయడం ఎలాగో... ఈ వారం చూద్దాం.

పందిరి పుట్టింది చేతుల్లోనే

ఇంటిముందే లగ్గం జరిగిన రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఉన్నారు. పచ్చటి కొమ్మలతో పందిరి. సుతిలి తాడుకి రంగుకాగితాల జెండాలు. గోడలకు సున్నం, అంచులకు జాజు. తలుపు పక్కన గోడ మీద పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, తేదీ. సున్నం పూసి, రంగులతో బొమ్మలు వేసిన ఐరేని కుండల్ని కుమ్మరి ఇంటినుంచి డప్పుచప్పుళ్లతో తెచ్చుకోవడమే ఓ పండగ. మేదరివాళ్ల గంపలు, బుట్టలు. మోదుగాకు ఇస్తరాకులు. ఇందులో అద్దెకు తెచ్చింది ఏదీ లేదు. పేరున్న ప్రతి వస్తువు వెనకా ఓ మనిషి ఉండేవాడు.

ఆ రోజుల్లో అంతా బాగుండేదని కాదు. ఏళ్లతరబడి ఊరందరి పెళ్లిళ్లకూ పనిచేసిన చేతులకు తగిన ప్రతిఫలం ఎప్పుడూ అందలేదు. కొలిచి ఇచ్చిన గింజలతో సరిపెట్టేవాళ్లు. మర్యాదలోనూ తేడాలుండేవి. అందుకే పాత పందిరిని ఉన్నదున్నట్టు తెచ్చుకోనక్కర్లేదు. అందులోని పనితనాన్ని తెచ్చుకుందాం, ఆ పని చేసినవాళ్లకు అడిగిన ధర చేతిలో పెట్టి, పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెడదాం. అప్పుడే అది మన కాలపు పెళ్లి అవుతుంది.

ఐదు చోట్లు చాలు!

ఇంట్లో చేసుకుందాం అనుకోగానే చాలామంది చేసే పని... అన్నీ చేయాలనుకోవడం. పెళ్లి దగ్గరపడేసరికి సగం పనులు మిగిలిపోతాయి, ఇల్లంతా కాగితం ముక్కలు, అందరికీ చిరాకులు. అలాకాకుండా, చూసేవాళ్ల కళ్లు, కెమెరా కళ్లు ఎక్కడ ఆగుతాయో ముందుగా లెక్క వేసుకోండి. వచ్చేటప్పుడు ద్వారం. కూర్చున్నాక పీటల వెనకున్న తెర. జీలకర్రబెల్లం వేళ అడ్డుతెర. ఆ తర్వాత తలంబ్రాల పళ్లెం. చివరికి భోజనాల బల్ల. ఈ ఐదింటిమీద శ్రద్ధ పెడితే మిగతా హాలు మామూలుగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు.

హాలువాళ్లతో మాట్లాడేటప్పుడే ఒకమాట అడగండి. కొన్నిచోట్ల అద్దెతోపాటు అలంకరణ కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలంటారు. సొంతంగా చేసుకుంటే ఒప్పుకుంటారా, ముందురోజు సాయంత్రం తాళాలు ఇస్తారా, గోడలకు మేకులు కొట్టనిస్తారా అన్నది బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి. 

ద్వారం: ఆకు, పువ్వు, కాగితం

మామిడి తోరణానికి మించిన అందం ద్వారానికి ఇంకోటి లేదు. ప్లాస్టిక్ తోరణం కొనేకంటే పిల్లలకు అప్పగిస్తే అరగంట పని. మూడడుగుల గుమ్మానికి రెండు అంగుళాలకో ఆకు చొప్పున 18, బేసి సంఖ్య కావాలంటే 19 ఆకులు. హాలు ముఖద్వారం వెడల్పును బట్టి ఇదే లెక్కన పెంచుకోవచ్చు.

బంతిపూల దండలు హాలంతా వేయాలంటే ఖర్చే. ఇక్కడా చిన్న లెక్కుంది. అంగుళంన్నర పువ్వుల్ని పక్కపక్కనే గుచ్చితే పదడుగుల దండకు 80 పూలు పడతాయి. పువ్వుకీ పువ్వుకీ మధ్య అంతే వెడల్పులో మడతపెట్టిన మామిడాకు గుచ్చితే 40 చాలు. సగం పూలు మిగులుతాయి, ఆకుపచ్చ, పసుపు కలిసి చూడ్డానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పూలు ముందురోజు సాయంత్రం తెచ్చి, తడిగుడ్డ కప్పి, రాత్రి గుచ్చుకుంటే తెల్లారేసరికి వాడవు.

ఇక రంగుకాగితాల జెండాలు. 'అవి పల్లెటూరి పెళ్లిలో కదా' అని తీసిపారేయకండి. రంగులు తగ్గించి చూడండి, ఎంత నాజూగ్గా ఉంటాయో! పసుపు, తెలుపు... లేదా ఎరుపు, పసుపు... రెండే రంగులు. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవున్న కాగితాన్ని పొడవువైపు నాలుగు పట్టీలుగా కోయాలి. ఒక్కో పట్టీలో ఐదంగుళాల అడుగుతో ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా గీసుకుంటే ఏడు జెండాలు వస్తాయి. అంటే కాగితానికి 28. ఎనిమిది అంగుళాలకొకటి అంటిస్తే 18 అడుగుల తాడుకు సరిపోతాయి. జిగురు కొననక్కర్లేదు. గిన్నెడు మైదాకి నాలుగు గిన్నెల నీళ్లు పోసి, ఉండకట్టకుండా కలిపి, చిక్కబడేదాకా ఉడికిస్తే మన పాతకాలపు జిగురు సిద్ధం.

పీటల వెనక అమ్మ చీరలు

స్టేజీ మొత్తంలో ఎక్కువ డబ్బు తీసుకునేది వెనకుండే తెర. ఫొటోలన్నింటిలో కనిపించేదీ అదే. మరి దానికి అద్దె గుడ్డ ఎందుకు? బీరువాలో అమ్మ పెళ్లిచీర ఉంటుంది, అమ్మమ్మ పట్టుచీర ఉంటుంది, నానమ్మ దాచుకున్న నేత చీర ఉంటుంది. ఏళ్లుగా వెలుగు చూడని ఆ చీరలకు ఇంతకంటే మంచిరోజు దొరకదు.

లెక్క కూడా సులువే. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. కర్ర మీదుగా మధ్యకు మడిచి వేలాడదీస్తే తొమ్మిదడుగుల తెర. వెడల్పు మూడున్నర అడుగుల పైచిలుకు. పన్నెండడుగుల స్టేజీకి నాలుగు చీరలు సరిపోతాయి, కుచ్చులు కుచ్చులుగా రావాలంటే ఆరు. రెండు వెదురుగడలు, కట్టడానికి నాలుగు గుంజలు ఉంటే చాలు. ఒకటే జాగ్రత్త. పాత పట్టుకు పిన్నీసులు గుచ్చితే చిరుగుతుంది. గడ మీద వేసి బట్టల క్లిప్పులు పెట్టండి. అమ్మ చీర ఒక పక్క, అత్తగారి చీర ఒక పక్క వేస్తే రెండిళ్లూ కలిసినట్టు ఉంటుంది. ఆ మాట మైకులో చెప్పనక్కర్లేదు, ఆ ఇద్దరికీ తెలిస్తే చాలు.

చీరలు పాడవుతాయేమో అన్న బెంగ ఉంటే తెల్లటి నూలు గుడ్డ కొనండి. సిరిసిల్ల మరమగ్గాలు, మెట్‌పల్లి ఖాదీ మనకు దగ్గర్లోనే ఉన్నాయి. పెళ్లయ్యాక ఆ గుడ్డ దుప్పట్లకో దిండు గలీబులకో పనికొస్తుంది. అద్దె గుడ్డయితే చేతికి రసీదు తప్ప ఏమీ మిగలదు.

అడ్డుతెర మీద అమ్మమ్మ పేరు

పెళ్లి మొత్తంలో అందరూ ఊపిరి బిగపట్టి చూసే క్షణం ఏది? అడ్డుతెర దించే క్షణం. అంత ముఖ్యమైన ఆ గుడ్డ చాలా పెళ్లిళ్లలో ఆఖరి నిమిషంలో ఎవరో వెతికి తెచ్చిన తువ్వాలో కండువానో అయి ఉంటుంది. చేత్తో చేయడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు. రెండు మీటర్ల నూలుగుడ్డ, నాలుగు రంగుల దారం, నెలరోజుల టైమ్. అంతే!

దానిమీద ఏం కుట్టాలి? మధ్యలో ఓంకారమో స్వస్తికో ఎలాగూ ఉంటుంది. అంచుల వెంబడి పేర్లు కుట్టి చూడండి. పెళ్లిలో పంతులుగారు ప్రవర చదువుతారు కదా... ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని. అమ్మాయివైపూ అంతే. మూడు తరాల మగవాళ్ల పేర్లు వినిపిస్తాయి. ఆ మూడు తరాలనూ కని, పెంచి, ఇంత దూరం తెచ్చిన ఆడవాళ్ల పేర్లు? ప్రవరను మార్చమని ఎవరూ అడగడంలేదు. ఆ పేర్లు తెర అంచు మీద ఉండొచ్చు కదా! అమ్మమ్మ, నానమ్మ, ముత్తవ్వ... రెండువైపులా కలిపి పది పన్నెండు పేర్లు. తెర పట్టుకునే మేనమామ చేతుల్లో వాళ్లంతా ఉంటారు.

ఈ పనిలో ఇంకో లాభం ఉంది. ముత్తవ్వ పేరేమిటని ఇంట్లో అడిగి చూడండి. చాలా ఇళ్లలో ఎవరికీ వెంటనే గుర్తురాదు. పెద్దవాళ్లకు ఫోన్ చేయాలి, అడగాలి, వాళ్లు నాలుగు ముచ్చట్లు చెప్పాలి. తెర పూర్తయ్యేసరికి పిల్లకు తన ఇంటి కథంతా తెలుస్తుంది.

గుడ్డకు రంగు వేయాలనుకుంటే మార్కెట్ రంగులే అక్కర్లేదు. మాఘం చివర, ఫాల్గుణంలో ఆదిలాబాద్ అడవి దారుల్లో మోదుగలు నిప్పులు పోసినట్టు పూస్తాయి. ఆ పూలు నానబెట్టి మరిగించిన నీళ్లలో కాస్త పటిక వేసి నూలుగుడ్డ ముంచితే పసుపు, నారింజ కలిసిన చక్కటి రంగు వస్తుంది. ముందు చిన్నముక్క మీద పరీక్షించి చూసుకోండి. 

బట్టలో ప్రేమను దాచడం కొత్తేమీ కాదు. 1942లో ఇందిరాగాంధీ పెళ్లిలో కట్టుకున్న గులాబీ రంగు చీర, తండ్రి నెహ్రూ జైల్లో వడికిన నూలుతో నేసిన ఖాదీ. ఆ ఇంట్లో పట్టుచీరకు కొదవా! అయినా నాన్న చేతి నూలుకే విలువిచ్చారు.

తలంబ్రాల్లో ఆ బంతులెందుకు?

ఈమధ్య తలంబ్రాలంటే బియ్యం తక్కువ, థర్మాకోల్ గుళ్లు, మెరుపుకాగితం ముక్కలు ఎక్కువ. ఫొటోలో బాగా పడతాయని పోస్తున్నారు. కంట్లో పడితే మంట, తలలో ఇరుక్కుంటే రెండురోజులు వదలదు, ఊడ్చి పారేస్తే మట్టిలో కలవదు. పసుపు కలిపిన బియ్యానికి ఏం తక్కువైంది?

భద్రాచలం రాములవారి కల్యాణం సంగతే చూడండి. తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ భక్తులు రాములవారి కోసమే వరి పండిస్తారు. ఆ ధాన్యాన్ని దంచరు, మిల్లుకు పంపరు. ఒక్కో గింజనూ గోటితో ఒలిచి బియ్యం చేసి పంపుతారు. అందుకే వాటికి గోటి తలంబ్రాలని పేరు. ముత్యాలు పోసే పెళ్లిలోనూ గోటితో ఒలిచిన గింజకు అంత గౌరవం!

మన ఇళ్లలో అంత చేయలేం. కానీ చిన్నగా అనుకరించొచ్చు. వారం ముందు నుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఓ గుప్పెడు వడ్లు ఇచ్చి, మాట్లాడుతూ ఒలవమనండి. చిన్నపిల్లలకు ఆట, పెద్దవాళ్లకు కాలక్షేపం. అందరూ ఒలిచిన గింజల్ని ఒక గిన్నెలో పోసి, పెళ్లినాడు మిగతా తలంబ్రాల్లో కలపండి. పెళ్లికి రాలేనంత ముసలివాళ్లు, మంచంపట్టిన తాతయ్యలు ఉంటారు చూడండి... వాళ్లు నాలుగు గింజలు ఒలిచి పంపినా పందిట్లో ఉన్నట్టే.

బతుకమ్మ పేర్చే చేతులకు కోర్సు కావాలా?

పూల అలంకరణ నేర్పే కోర్సులకు వేలు తీసుకుంటున్నారు. కానీ ఉత్తర తెలంగాణలో పుట్టిన ఆడబిడ్డకు ఆ పాఠం చిన్నప్పుడే అయిపోతుంది. తాంబాళంలో వరసమీద వరస, రంగు పక్కన రంగు, గుండ్రంగా కొలిచినట్టు బతుకమ్మను పేర్చే చేతికి, భోజనాల బల్లమీదకి ఓ పూల పళ్లెం పేర్చడం ఎంతసేపు? వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, బంతిపూలు, చామంతులు వలయాలుగా తేలనిచ్చి, మధ్యలో ఓ దీపం పెడితే చాలు.

ఏ కాలంలో దొరికే పూలు ఆ కాలంలో వాడుకుంటే ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

కార్తీకం, మార్గశిరం: బంతి, చామంతి దండిగా దొరుకుతాయి. బతుకమ్మ రోజుల్లోనే గునుగు పూలు ఎక్కువ కోసి, కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే ఎండిపోయినా ఆకారం చెడదు. ఎలాగూ వాటికి రంగులు అద్దడం మనకు అలవాటే. పత్తి పగిలిన కొమ్మలు మట్టి కూజాల్లో పెడితే ఆదిలాబాద్ చేలే పందిట్లోకి వచ్చినట్టుంటాయి.

మాఘం, ఫాల్గుణం: మోదుగ పూలు, జొన్న కంకులు. కంకుల్ని పది పన్నెండు చొప్పున కట్టి గుంజలకు వేలాడదీస్తే నిండుగా ఉంటుంది.

వైశాఖం, జ్యేష్ఠం: మల్లెలు, మామిడాకులు, తాటాకులు. ఎండాకాలంలో మిగతా పూలు వాడిపోతాయి, ధరా ఎక్కువే. పూలు తగ్గించి ఆకులు పెంచాలి. తాటాకుతో చిలకలు, బుట్టలు అల్లగలిగే పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే అడగండి, పిల్లలకు కూడా నేర్పుతారు.

శ్రావణం: ఎటు చూసినా పచ్చదనమే. అరటి పిలకలు, కొబ్బరాకులు చాలు.

ఒక హెచ్చరిక. పత్తి, ఎండిన గునుగు, కాగితం... ఇవన్నీ చిటికెలో అంటుకునేవి. హోమగుండానికి, దీపాలకు, కరెంటు బల్బులకు దూరంగానే ఉండాలి. పక్కనే ఓ బిందె నీళ్లు పెట్టుకోవడం మరచిపోవద్దు. 

ఆ అక్షరాలకు కాలం చెల్లింది

థర్మాకోల్‌తో చేసిన పేర్లు, హృదయం బొమ్మలు లేని స్టేజీ మొన్నమొన్నటిదాకా కనిపించేది కాదు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే... 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ఆ జాబితాలో అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి డబ్బాలకూ శుభలేఖలకూ చుట్టే పల్చటి కవరు, వంద మైక్రాన్లకన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు... ఇవన్నీ అందులోవే. అంటే సగటు పెళ్లి సరంజామాలో సగం!

మరి పేర్లు ఎలా రాయాలి? కిరాణాకొట్లో అట్టపెట్టెలు అడిగితే ఇస్తారు. అక్షరాలు కత్తిరించి, దర్జీ దగ్గర మిగిలిన జాకెట్ ముక్కలు అంటించండి. గోనెగుడ్డ మీద సున్నంతో రాయించినా బాగుంటుంది. ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టు ఉంటే ఇంకా మంచిది. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన చేతులవి. ఇంటి గోడ మీద ఆయన కుంచెతో రాసిన పేర్లు వానలు కొట్టినా కొన్నేళ్లు నిలుస్తాయి. పక్కనుంచి వెళ్లేవాళ్లంతా 'ఈ ఇంట్లో లగ్గమయింది' అనుకుంటారు.

శుభలేఖల విషయంలోనూ అంతే. నిజాం కాలంలో కోరుట్లలో తయారైన చేతి కాగితానికి ఎంతో పేరుండేది. అలాంటి నేల మనది. వందల కార్డులు అచ్చు వేయించినా, ఇంటి పెద్దలకు ఇచ్చే ఓ ఇరవై మాత్రం చేత్తో రాయండి. పసుపు అంచు పెట్టిన మామూలు తెల్లకాగితమైనా సరే. ఫోన్లో వచ్చిన కార్డు మర్నాటికి ఎక్కడుందో తెలియదు. మేనకోడలు చేత్తో రాసిన కాగితాన్ని మేనత్త పారేయదు.

కొనేది ఒక్కటైనా...

అన్నీ ఇంట్లో చేయలేం. చేయకూడదు కూడా. కొన్ని పనులు ఆ చేతులకే తగినవి. స్టేజీలో మిగిలిన డబ్బులో కొంత పక్కనపెట్టి, మన ప్రాంతపు పనితనాన్ని ఒక్క వస్తువైనా కొనండి.

ఒకప్పుడు ఎలగందులలో వర్ధిల్లి, తర్వాత కరీంనగర్ చేరిన వెండి ఫిలిగ్రీ సంగతి తెలిసిందే. వెంట్రుకలా సాగదీసిన వెండి తీగను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, అతికి చేసే జాలీపని. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024లో ముంబయిలో అంబానీల ఇంట పెళ్లికి అతిథుల కానుకల కోసం కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లకు ఆర్డరు అందింది. ఏదైనా కొనగలిగినవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది చేతిపనికోసం! మనం అన్ని కొనలేం. అమ్మాయికి ఒక్క కుంకుమ భరిణె చాలు. తాళికట్టే వేళ కుంకుమ అందులోంచే తీయొచ్చు.

నిర్మల్ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తేలికైన పొనికి చెక్కతో చేసి, చింతగింజల జిగురుతో మెరుగుపెట్టి, రంగులద్దే ఆ పండ్లు, పిట్టలు, జంతువులు భోజనాల బల్లమీద ఉంటే పిల్లలు అక్కడినుంచి కదలరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో ఆ గుర్తింపు వచ్చింది. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, కరిగిన మైనం స్థానంలో ఇత్తడి పోసి తీసే ఆ చిన్న గంటలు ద్వారానికి కడితే వచ్చేపోయేవాళ్లకు శబ్దం వినిపిస్తుంది. పెళ్లయ్యాక దేవుడి గదిలోకి చేరతాయి.

ఇస్తరాకులు, మట్టి గ్లాసులు, మేదరి బుట్టలు ఆఖరిరోజు అడిగితే దొరకవు. నెల ముందే చెప్పి, కొంత బయానా ఇవ్వాలి. ఇంకోమాట... మెరుపు స్టేజీకి అడిగినంతా ఇచ్చి, బుట్టలావిడ దగ్గర పది రూపాయలకు బేరమాడొద్దు.

పని అంతా అమ్మ మీద పడొద్దు

చేత్తో చేసుకోవడం అనగానే పొంచి ఉన్న ప్రమాదం ఒకటుంది. డబ్బు మిగులుతుంది, కానీ ఆ పనంతా ఇంట్లో ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. పెళ్లికూతురి తల్లి ముందే వంద పనులతో సతమతమవుతుంటుంది. ఆమెకు నూటొకటోది తగిలిస్తే అది పొదుపు కాదు, చాకిరీ. కాబట్టి పనులు పంచి, ఎవరి పేరు పక్కన ఏ పనో కాగితం మీద రాసి గోడకు అంటించండి.

నెల ముందు: అడ్డుతెర కుట్టడం పిన్నికి, మేనత్తకు. పేర్లు సేకరించడం పెళ్లికూతురికి. ఇస్తరాకులు, బుట్టలకు బయానా నాన్నకు.

పదిహేను రోజుల ముందు: అట్ట అక్షరాలు, ఉత్తరాలు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు. దుబాయిలో ఉన్న అన్న చేతిరాతతో ఓ కాగితం రాసి ఫొటో పంపినా దాన్ని పెద్దగా అచ్చుతీసి ద్వారం దగ్గర పెట్టొచ్చు.

వారం ముందు: వడ్లు ఒలవడం వచ్చిన చుట్టాలందరికీ. కాగితపు జెండాలు పిల్లలకు.

ముందురోజు: గుంజలు పాతడం, చీరల తెర కట్టడం బాబాయిలకు, బావలకు, బావమరుదులకు. పూలు గుచ్చడం అందరికీ. ఆ రాత్రి పాటలు, పరాచికాలు, మధ్యలో చాయ్... ఫంక్షన్‌హాళ్లు వచ్చాక మనం పోగొట్టుకున్నది పచ్చని పందిరి ఒక్కటే కాదు, ఈ రాత్రి కూడా.

ఎవరికీ వీలుపడని పని ఉంటే దాన్ని వదిలేయండి. లేదా డబ్బిచ్చి చేయించండి. ఐదులో మూడే చేసినా తప్పులేదు.

మరి నలుగురూ ఏమనుకుంటారు?

అసలు భయం ఇదే. 'పైసలు లేక కాగితాలు కట్టారు' అంటారేమోనని. అనేవాళ్లు లక్ష రూపాయల స్టేజీని చూసినా 'అప్పు చేసి కట్టారు' అనే అంటారు. వియ్యాలవారికి మాత్రం ముందే చెప్పడం మర్యాద. 'అలంకరణ మా పిల్లలే చేస్తున్నారు, మీ ఇంటి పెద్దల పేర్లు చెప్పండి, మీ అమ్మగారి చీర ఒకటి ఇవ్వండి' అని అడిగి చూడండి. పందిరి పనిలో చెయ్యి కలిపినవాళ్లు పందిట్లో వంకలు వెతకరు. పెళ్లికి ముందే రెండిళ్లవాళ్లు కలిసి చేసిన మొదటి పని అదే అవుతుంది.

ఫంక్షన్‌హాల్లో ఆ మెరుపు స్టేజీని సాయంత్రానికల్లా విప్పేసి లారీ ఎక్కిస్తారు. ఇంట్లో కుట్టిన అడ్డుతెర మాత్రం పెట్టెలోకి చేరుతుంది. ఏడాదికో రెండేళ్లకో దాన్నే తీసి ఉయ్యాలకు కట్టొచ్చు. అందులో పడుకున్న పాపాయి చుట్టూ అంచు మీద ముత్తవ్వల పేర్లన్నీ ఉంటాయి.